అణుమిషనుతో నేనాడిన అబద్ధం

మనిషి మనిషితో అబద్ధమాడటం లోకంలో ఉన్నదే. పెళ్లాంతో ఆడతాడు, పై అధికారితో ఆడతాడు, మొక్కు ఎగ్గొట్టి దేవుడితోనూ ఆడతాడు. నేను మాత్రం ఒక మిషనుతో ఆడాను. అదీ పిండి గిర్ని లాంటి మిషను కాదు, అణుశక్తితో పని చేసేది. ఆ అబద్ధం ఎంత బాగా పండిందంటే, ఒక్క కాపురమే చేయలేక కిందామీదా పడుతున్న నాకు మా కులపెద్దలు రెండో పెళ్లి ఖాయం చేశారు.

అప్పుడే నవ్వకండి. నవ్వవలసిన చోటు ఇంకా ముందుంది. అక్కడిదాకా వస్తే నేనే చెబుతాను.

ఇది అరవైల నడుమ సంగతి. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆత్మకూరులో సర్కారు గుమాస్తాను. మాది నేత కుటుంబం. నాయిన పోయాక మా ఇంటి మగ్గం మూలపడింది. కొత్తకోట నుంచి నా భార్య సుగుణ కాపురానికి వచ్చాక అది మళ్లీ ఆడటం మొదలుపెట్టింది. సుగుణకు ఇరవై ఒకటి. పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుందంటే నాడె కుడికీ ఎడమకూ పరుగులు తీసేది. నేనూ అంతే. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి నాడెలా తిరిగేవాణ్ణి. నాడె తిరిగితే చీర తయారయ్యేది, నేను తిరిగితే బీడీ ముక్కలు తయారయ్యేవి. అంతే తేడా.

ఎందుకు తిరిగేవాణ్ణో ఈ వయసులో దాచుకోవడం దేనికి? మా నేతవాళ్ల లెక్కన చెబుతాను. పడుగు పరిచి రెండేళ్లయింది, పేక ఒక్కటి పడలేదు. లోపం పడుగులో లేదు. సుగుణ ఆ రెండేళ్లలో ఒక్క మాట అనలేదు, ఒక్క చూపు చూడలేదు. నేనే ఆ లోపాన్ని పద్ధతి ప్రకారం వెతికాను. మంచం కిర్రుమంటోందని మంచం మార్చాను. దిక్కు బాగా లేదేమోనని తల ఉత్తరం నుంచి తూర్పుకు తిప్పాను. పక్క గదిలో అమ్మ దగ్గు వల్ల మనసు చెదురుతోందని అమ్మకు నెల రోజులు కషాయం పోశాను. ఏ మార్పు ఏ తేదీన చేశానో, ఫలితమేమిటో డైరీలో రాశాను. నెలాఖరుకు అమ్మ దగ్గు పూర్తిగా తగ్గిందని అందులో ఉంది. మెరుగైన విషయం అదొక్కటే.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో ఆలు ఉంది, చూలు లేదు, మా అమ్మ మాత్రం మనవడికి మా నాయిన పేరు పెట్టేసి, ఉయ్యాలకు తాడు కూడా పేనించి పెట్టింది.

ఒక ఆదివారం కొత్తకోట నుంచి మా మామగారు రామలింగయ్య దిగారు. మంచి పనివాడు. మాట కూడా నేసినట్టే మాట్లాడతాడు, దారం తెగకుండా మెల్లగా లాగుతాడు. చాయ్ తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"అల్లుడా, పానం మంచిగున్నదా?"

"మంచిగున్నది మామా."

"మంచిగుంటే గట్ల తిరుగుతవేంది? జర కూసో."

"కూసున్న గద."

"యాడ కూసున్నవ్? నిలబడే మాట్లాడుతుంటివి!"

కూర్చున్నాను. రెండు క్షణాలకు లేచి బీడీ ముట్టించాను.

"సూడు బిడ్డా," అన్నాడు ఆయన, నేల చూపులు చూస్తూ. "మొన్న సుగుణ ఇంటికొస్తే వాళ్లమ్మ అడిగింది. అది చెప్పలే. చెప్పలేదంటేనే మాకు సమజైంది. తప్పు నీదే అంటలేను, నా బిడ్డదే అంటలేను. గని రెండేండ్లాయె. పెద్దలల్ల పెడదాం."

గొంతులో పొగ అడ్డం పడి, మా అమ్మకు తగ్గిన దగ్గు నాకు పట్టుకుంది.

మా కులంలో ఇలాంటి చిక్కు వస్తే మార్కండేయ గుడి మండపంలో పెద్దలు కూర్చునేవారు. లోపం మగవాడిదని తేలితే పిల్లకు ఇడుపుకాయితం రాసిచ్చి పుట్టింటికి పంపుతారు. ఆడమనిషిదని తేలితే మగవాడికి మారులగ్గం చేస్తారు. ఇద్దరినీ కొంచెం ఊపిరి పీల్చుకోనిద్దాం అన్న మూడో దారి ఆ మండపంలోకి ఎన్నడూ వచ్చినట్టు లేదు.

నేను అప్పటికే జిల్లా దవాఖానలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నా కాళ్లు ముట్టుకుని, చల్లగా ఉన్నాయని పట్నంలోని పెద్ద దవాఖానకు ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరాన్ని గుడిలో జెండాలా ఎత్తి చూపించాను.

"పెద్దయ్యా, పట్నంల అణుమిషన్ ఉన్నదంట. ఒంట్ల రక్తం యాడ పారుతాంది, యాడ ఆగిపోయింది, అన్నీ చెప్తదంట. అది ఏం చెప్తే గదే ఖాయం."

కులపెద్ద కిష్టయ్య తాత చేతికర్ర గడ్డం కింద ఆనించుకున్నాడు. "మిషన్ అబద్ధం చెప్తే?"

"మనిషి చెప్తడు గని మిషన్ చెప్తదా తాతా!"

మండపమంతా తలలూపింది. "చదువుకున్న పోరడు" అని ఎవరో మెచ్చుకున్నారు కూడా. మామగారు ఒప్పుకున్నారు. సుగుణ ఆడవాళ్ల వైపు స్తంభం పక్కన కూర్చుని, పైట కొంగు దారాలు వేలికి చుట్టుకుంటోంది. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మహబూబ్‌నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి కాచిగూడ దాకా రైలు. పెద్ద దవాఖానలో డాక్టరుగారు కోస్తా వైపు నుంచి వచ్చిన యువకుడు. ఉత్తరం చదివి, కుర్చీ జరుపుకుని, నా పాదం చేతిలోకి తీసుకుని నాడి వెతికారు. పాదం అంతసేపు పట్టుకున్న డాక్టరును చూడటం నాకదే మొదలు. సగం లేచి దండం పెట్టబోయాను.

"కూర్చోండి కూర్చోండి. నడిస్తే పిక్కలు పీకుతాయాండీ?"

"పీకుతయి సార్."

"తొడలు?"

"అవి గూడ."

"అయితే మీ బాధ మీరనుకుంటున్న చోట మొదలవకపోయి ఉండవచ్చు. పొట్టలో పెద్ద రక్తనాళం ఒకటుంటుంది. పెద్ద కాలువ అనుకోండి. కిందికి వచ్చి రెండు పాయలవుతుంది. కాళ్లకూ అదే నీరు, మీరు సిగ్గుపడుతున్న చోటికీ అదే నీరు. పైన పూడిక పడితే కింద అన్ని మళ్లూ ఎండుతాయి."

పూడిక అన్న మాట విన్నాక మిగతాది నాకు సగమే తలకెక్కింది. ఆయన మాత్రం ఓపికగా చెబుతూనే ఉన్నారు. ఉప్పులో ఉండే ధాతువును అణు రియాక్టరులో పెట్టి కిరణాలు విసిరేలా చేస్తారట. అది బొంబాయి నుంచి విమానంలో వస్తుందట, త్వరగా వాడకపోతే దాని శక్తి పోతుందట. దాన్ని చిటికెడంత తొడ కండలోకి సూదితో ఎక్కించి, పైన మిషను పెడితే టిక్కుటిక్కుమంటుంది. రక్తం జోరుగా పారితే మందును కడిగేసుకుపోతుంది, చప్పుడు త్వరగా తగ్గుతుంది. పారకపోతే మందు అక్కడే నిలిచి, చప్పుడు అలాగే ఉంటుంది. ఇదంతా ఇప్పుడింత వివరంగా రాస్తున్నానంటే, ఆయన రెండోసారి చెప్పినప్పుడు విన్నాను కనుక. మొదటిసారి టిక్కుటిక్కు దాకానే విన్నాను. ఎక్కువ టిక్కులొస్తే ఎక్కువ మగతనం అని నాకు నేనే తేల్చుకున్నాను.

"కాళ్లు పోయే ప్రమాదమున్న రోగులకు ఇది చేస్తున్నాం. మీ బాధకు చేయడం నాకూ ఇదే మొదలు. అందుకని జాగ్రత్తగా వినండి," అన్నారు డాక్టరుగారు. "ముందురోజు నుంచి బీడీ వద్దు. చాయ్ వద్దు. పరుగులూ బరువులూ వద్దు. తొడలకు నూనె మర్దన, వేడి కాపడం వద్దు. పరీక్షకు ముందు గంటసేపు కదలకుండా పడుకోవాలి. వీటిలో ఏది చేసినా రక్తం తీరు మారిపోయి లెక్క తప్పుతుంది."

అయిదూ అంకెలు వేసి, గీత కొట్టి, డైరీలోకి ఎక్కించాను. పది రోజుల తర్వాత రమ్మన్నారు.

తిరుగు రైల్లో షాద్‌నగర్ దాటాక ఆ జాబితా తీసి చదువుకున్నాను. మళ్లీ చదివాను. అప్పుడు నా బుర్రలో ఒక దీపం వెలిగింది. వెలగకుండా ఉంటే ఎంత బాగుండేది! నూనె రాస్తే, కాపడం పెడితే, పరుగెత్తితే రక్తం తీరు మారుతుందట! అంటే పెరుగుతుందన్న మాట! ఆయన ఇది చేయవద్దు అని రాయించాడు. నేను దాన్ని ఇది చేస్తే గెలుస్తావు అని చదువుకున్నాను. రోగం కనుక్కోవడానికి పోతున్నాననే సంగతి నా తలలోంచి రైలు కిటికీలోంచి పొగ పోయినట్టు పోయింది. నాకు కావలసింది మందు కాదు, మార్కండేయ గుడిలో చదవడానికి ఒక మంచి కాగితం.

తొడలకు రక్తం ఉరికించగలవాడు ఆత్మకూరు మొత్తంలో ఒక్కడే, మా మేనమామ వీరయ్య. తాలీంలో పది మంది కుర్రాళ్లకు కుస్తీ నేర్పే ఉస్తాదు. ఆయన తొడ చరిస్తే పక్క వాడలో పసిపిల్లలు లేచేవారు.

"మామా, పది దినాలల్ల నా తొడలల్లకు నెత్తురు ఉరకాలె."

"ఏంది, కుస్తీ పడ్తవా?"

"అట్లనే అనుకో."

"ఎవనితోని?"

"మిషన్‌తోని."

మామ గంభీరంగా ఆలోచించాడు. ఎదుటివాడి బలం తెలియకుండా ఏ శిష్యుణ్ణీ మట్టిలోకి దింపినవాడు కాదు.

"ఎంత బరువుంటది?"

"మామా!"

"సరె, ఫికర్ చెయ్యకు. యాభై దుంకుళ్లతోని మొదలువెడదాం."

యాభై బైఠకులతో, అంటే గుంజీల లాంటివాటితో మొదలై, వారం తిరిగేసరికి రోజుకు మూడు వందలకు చేరాను. పైన మామ తయారుచేసిన నూనె. ఆవనూనెలో వెల్లుల్లి, మిరపగింజలు, ఇంకా తన గురువు తప్ప ఎవరికీ తెలియదని చెప్పే ఒక వేరు వేసి మరిగించాడు. అది రాసుకుంటే తొడలు మండేవి అంటే సరిపోదు, తొడల మీద ఎవరో జొన్నరొట్టెలు కాలుస్తున్నట్టుండేది.

నాలుగో రోజు సుగుణ మగ్గం ఆపి నన్ను చూసింది.

"ఏందయ్యా, గట్ల కాళ్లు ఎడం పెట్టి నడుస్తున్నవు?"

"ఆఫీసుల మెట్లెక్కి ఎక్కి పట్టేసినయ్."

"మీ ఆఫీసుకు మెట్లు లేవు గద."

"కడుతున్నరు."

ఆమె మళ్లీ మగ్గం వైపు తిరిగి నాడె విసిరింది. ఆ విసురులో ఏదో ఉందని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు నాకు బైఠకుల లెక్క తప్ప ఏదీ తలకెక్కేది కాదు.

పరీక్ష రోజు మామ కూడా నూనె సీసాతో వచ్చాడు. శిష్యుణ్ణి ఒంటరిగా బరిలోకి పంపడం ఆయన పద్ధతి కాదు. దవాఖాన వెనుక నీళ్ల ట్యాంకు చాటున నా జాబితా బయటికి తీసి ఒక్కొక్కటే అతిక్రమించాను. బీడీ: నాలుగు. చాయ్: రెండు. బరువు పని: రెండు వందల బైఠకులు. నూనె: అర సీసా. కాపడం: ఎండకు కాలిన ట్యాంకు గోడకు తొడలు ఆనించి కాసేపు నిలబడ్డాను. ఒక్కో పనికీ పక్కన టిక్కు పెట్టుకున్నాను. ఇక మిగిలింది ఆఖరిది, గంటసేపు కదలకుండా పడుకోవడం. అక్కడే చిక్కొచ్చింది.

డాక్టరుగారు నన్ను చూసి ఆగారు. "ఏమిటండీ ఆ చెమటలు?"

"పట్నం ఎండ సార్."

"ఈ వాసన?"

"పొద్దుగాల ఎల్లిగడ్డ తొక్కు తిన్న."

"సరే, పడుకోండి. గంట తర్వాత వస్తాను."

నర్సమ్మ మంచం చుట్టూ తెర లాగి అవతల కూర్చుంది. ఇవతల నేను. గంటసేపు పడుకుంటే పది రోజుల కష్టం చల్లారిపోతుంది! తల పక్కనే కిటికీ ఉంది. కిటికీలో మామ మీసాలు ప్రత్యక్షమయ్యాయి.

"లే అల్లుడా," అన్నాడు గుసగుసగా. "సల్లగైతె గుర్రం గూడ గాడిదే. సురూ చెయ్."

చప్పుడు కాకుండా మంచం దిగి బైఠకులు మొదలుపెట్టాను. మామ కిటికీలోంచి వేళ్లతో లెక్క పెడుతున్నాడు. ముప్పై రెండు దగ్గర నా మోకాలు టప్పుమంది.

"పడుకున్నారా?" తెర అవతలి నుంచి నర్సమ్మ.

"పండుకున్న సిస్టర్," అన్నాను, గొంతుక్కూర్చుని.

గంట ముగిసేసరికి నేను మంచం మీదికి ఎక్కలేదు, కూలాను. డాక్టరుగారు సూది పొడిచారు, మిషను తలకాయను తొడ మీదికి దించారు. టిక్‌టిక్‌టిక్‌టిక్ అని వడగళ్ల వాన మొదలైంది. నా ఛాతీ పొంగింది. అది పొంగి నిలవకముందే చప్పుడు పలుచబడింది. టిక్. టిక్. కాసేపు ఆగి, టిక్.

"సార్, సప్పుడు తగ్గుతాంది!"

"తగ్గనివ్వండి."

చావబోయేవాడి దగ్గర ఇలాగే మెత్తగా మాట్లాడతారని విన్నాను. సుగుణ పెట్టె సర్దుకుని కొత్తకోట బస్సెక్కడం కళ్ల ముందు కనిపించింది. ఆగలేక తొడ బిగించాను, వదిలాను, బిగించాను.

"కదలకండి!"

"గట్టిగ పట్టు అల్లుడా, ఇడవకు!" అని కిటికీ అరిచింది.

"ఎవరండీ అది?" అన్నారు డాక్టరుగారు.

"తెల్వదు సార్. పట్నం మనుషులు."

చప్పుడు దాదాపు ఆగిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. డాక్టరుగారు కాగితం మీద గీత గీసి, దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"చిత్రంగా ఉందే! ఇంత వేగంగా కడిగేయడం నేనెప్పుడూ చూడలేదు. మీ రక్తం కృష్ణ వరదలా ఉందండీ!"

కళ్లు తెరిచాను. గెలిచానా? గెలిచాను! అడిగిందే తడవుగా కులపెద్దల కోసం తెలుగులో రెండు వాక్యాలు రాసి, మోహరు వేసి ఇచ్చారు. మొదటిది: "ఈయన కాళ్ల రక్తప్రసరణ పహిల్వానుకు ఉండవలసినంత ఉన్నది, రక్తనాళములలో లోపము కానరాలేదు." రెండవది: "బాధకు వేరే కారణము వెతకవలసి ఉన్నది, రోగి మరల రావలెను."

రోగి కోరిందీ వైద్యుడిచ్చిందీ ఒకటే అయితే పాలనుకుంటాం. ఒక్కోసారి రెండూ నీళ్లే.

మార్కండేయ గుడిలో కాగితం నేనే చదివాను. మొదటి వాక్యం. రెండోసారి చదవమన్నారు, మొదటి వాక్యమే మళ్లీ చదివాను. రెండో వాక్యాన్ని బొటనవేలి కింద పెట్టుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడి రచ్చ గెలిచాను. మా అమ్మ ముక్కుపుడక తళుక్కుమనేట్టు తల తిప్పి అందరినీ చూసింది. వీరయ్య మామ మీసం మెలేశాడు. ఆ ఆనందం చుట్ట కాలినంత సేపు కూడా నిలవలేదు.

కిష్టయ్య తాత కర్ర నేలకు తాటించాడు. "మొగోనిల తప్పు లేదని అణుమిషనే చెప్పె. మరి తప్పెవరిది?"

అందరి తలలూ స్తంభం వైపు తిరిగాయి.

ఈ మలుపు నేను ఊహించలేదంటే మీరు నమ్మరు. పది రోజులు బైఠకులు తీసినవాడికి పది నిమిషాలు ఆలోచించే తీరిక దొరకలేదు!

రామలింగయ్య మామ లేచి నిలబడ్డాడు. మాట మీద నిలబడే మనిషి. "ఆడిన మాట ప్రకారం తాతా... మారులగ్గానికి నేను అడ్డం రాను. వేరే ఇంటి పిల్ల ఎందుకు? మా తమ్ముని బిడ్డ ఉన్నది, ఇరవై ఏండ్లది. అల్లునికి ఆమెను..."

"శ్రావణంల ముహూర్తం సూద్దాం," అంది మా అమ్మ వెంటనే.

నా తొడల్లో ఉరుకుతున్న కృష్ణ వరద గడ్డకట్టింది. ఒకామె ముందే తలెత్తుకోలేకపోతున్నాను, ఇక ఇద్దరి ముందు!

"బిడ్డా సుగుణా, నువ్వేమన్న చెప్పుకుంటవా?" అన్నాడు తాత.

చెప్పగలదు. రెండేళ్ల సంగతి ఒక్క మాటలో చెప్పేసి నన్ను నిలువునా పాతేయగలదు. సుగుణ లేచి, నా వైపు చూసింది. కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"మిషన్ చెప్పినంక నేను చెప్పేదేముంటది తాతా," అని కూర్చుంది.

ఎలా లేచానో తెలియదు. "పెద్దయ్యా, ఆ కాయితం చెల్లదు!"

"చెల్లదా? మోహరు దొంగదా?"

"అసలుదే."

"దస్కతు?"

"డాక్టరుదే."

"మరి దొంగది ఏంది?"

"తొడలు!"

ఇదే ఆ చోటు. ఇక నవ్వవచ్చు. మండపంలో మాత్రం ఎవరూ నవ్వలేదు. నేను ఒక్క గుక్కలో అంతా కక్కేశాను. నూనె, ట్యాంకు గోడ, తెర వెనుక బైఠకులు, బొటనవేలి కింది వాక్యం. చివరికి ఆ మాట కూడా అన్నాను. "తప్పు నాదే. ఆమెది ఎన్నడూ లేదు. రెండేండ్ల సంది నాదే."

మూడు వాడల జనం విన్నారు, మా ఆఫీసు జవానుతో సహా. అందరికంటే ముందు వీరయ్య మామ గొంతు లేచింది.

"అంటే... మిషన్‌నే బోల్తా కొట్టించిందా నా నూనె!"

అప్పుడు స్తంభం పక్క నుంచి ఒక నవ్వు వచ్చింది. సుగుణ! కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. రెండేళ్లలో ఆమె అలా నవ్వడం మా ఇల్లు వినలేదు. ఇక గుడి మొత్తం కూలినంత పనైంది. తాత కర్ర జారి పడింది.

"మల్లొక్కసారి పో," అన్నాడు తాత కళ్లు తుడుచుకుంటూ. "ఈసారి నీ ఎంబడి ఉస్తాద్ కాదు, సుగుణ పోతది. బిడ్డా, కావలి నీదే. వీడు కాలు కదిపితే నాకు చెప్పు."

డాక్టరుగారికి నిజం చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. "అంత దూరం నుంచి విమానంలో వచ్చిన మందయ్యా! మిమ్మల్ని ఓడించడానికి తెప్పించానా నేను?" అన్నారు. తర్వాత, పాపం, ఆ కాలువల సంగతి మొదటి నుంచి మళ్లీ చెప్పారు. ఈసారి విన్నాను. నాకంటే శ్రద్ధగా సుగుణ విన్నది.

గంటసేపు కదలకుండా పడుకోవడం మూడు వందల బైఠకుల కంటే కష్టమని ఆ రోజు తెలిసింది. సుగుణ స్టూలు మీద కూర్చుని నా పాదం మీద చెయ్యి వేసింది. బొటనవేలు కదిలితే చాలు, "ఊఁ" అనేది. మిషను మొదలైంది. ఈసారి వడగళ్లు ఆగలేదు. కురుస్తూనే ఉన్నాయి.

"మందు కదలడం లేదు," అన్నారు డాక్టరుగారు. "రక్తం మెల్లగా పారుతోంది. రోజుకు ఎన్ని బీడీలు తాగుతారు?"

"పదో, పదిహేనో సార్."

"నలభై," అంది సుగుణ. "ముక్కలు ఊడ్చేది నేనే."

డాక్టరుగారు ఆమెకు నమస్కారం పెట్టినంత పని చేశారు. మరో నాలుగు పరీక్షలు చేసి, నాళాలు పూర్తిగా మూసుకుపోలేదని, పొగాకుకు ముడుచుకుపోతున్నాయని అనుకుంటున్నామన్నారు. బీడీ ఈ రోజే మానాలని, రోజూ తాపీగా నడవాలని, ఆరు నెలలు చూద్దామని చెప్పారు. మొదటి పరీక్షలో నేను అబద్ధమాడకుండా ఉంటే ఈ మాటే అప్పుడే వినేవాణ్ణి. మంచి మార్కుల కోసం నా మందును నేనే దాచిపెట్టాను!

మార్కండేయ గుడిలో రెండో కాగితం చదివాను. ఈసారి అన్ని వాక్యాలూ, మోహరులోని అక్షరాలతో సహా.

తాత కర్ర నిలబెట్టి సుగుణ వైపు తిరిగాడు. "లోపం మొగోనిదని తేలింది. కట్టు ప్రకారం ఇడుపుకాయితం నీ హక్కు బిడ్డా. నీ ఇష్టం. మీ బాపు గూడ ఇక్కడే ఉన్నడు. తీసుకుంటవా?"

నేను నిలబడలేక, కూర్చోలేక, మధ్యలో వంగిపోయి ఉన్నాను. బీడీ లేని వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

సుగుణ స్తంభం వదిలి మండపం నడుమకు వచ్చింది. "ఇడుపు ఎందుకు తాతా? నా మీదికొచ్చిన మాట నూరు మందిల తన మీదికి తీస్కున్నడు. నాకోసం ఇజ్జత్ తీస్కున్న మొగన్ని ఇడిస్తే మల్ల యాడ దేవులాడాలె?"

"ఆరు నెలలకు గూడ నయం కాకపోతే?"

"కాకపోతే ఏముంది," అంది సుగుణ, మా ఉస్తాదు మామ వైపు చూడకుండా. "మిషన్ కోసం రాసిన నూనె, ఈసారి పెద్దలందరికి రాపిద్దాం. మీరు గూడ ఆ మంటేందో తెల్సుకుంటరు."

తాత సభ ముగిసిందన్నాడు. అంత తొందరగా ముగిసిన సభ మా కులంలో మరొకటి లేదు.

ఆరు నెలలు పట్టలేదు. ఎన్నాళ్లు పట్టిందో నాకూ సుగుణకూ తెలుసు. మీకు అవసరం లేదు. ఉయ్యాల తాడు మా అమ్మ మూడుసార్లు వాడిందని మాత్రం చెప్పగలను.

కనుక నేను పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చునదేమనగా: ఇకమీదట ఏ దవాఖానలోనైనా, ఏ మిషను ముందైనా, నా రక్తం, నా గుండె, నా తొడలు ఎంత ఉంటే అంతే చూపించెదను. వాటికి ముందస్తు తాలీము ఇవ్వను. మామూలుగా పడుకోమంటే మామూలుగా పడుకొనెదను. ఈ మాట తప్పినచో, ఆ మండపంలో, అదే జనం ముందు, మూడు వందల బైఠకులు తీయుటకు, సుగుణ పాదం మీద నా చెయ్యి వేసి మరీ, ఒప్పుకొనుచున్నాను.